నిండు పెట్టె ఊగదు

2011 నవంబరు నెలలో ఒక ఆదివారం ఉదయం. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోని ఒక పాత క్వార్టరు వరండాలో, ఎనభై ఒక్క సంవత్సరాల వృద్ధుడొకరు పడక కుర్చీలో కూర్చుని ఎదుటి మైదానం వైపు చూస్తున్నారు. మైదానం నడుమ ఆయన మనుమడు గడ్డిమీద మోకాళ్లూని ఉన్నాడు. అతడి ముందు నాలుగడుగుల పొడవున్న చిన్న హెలికాప్టరు ఒకటి నిలిచి ఉంది. దాని ముక్కుకు, పాత కిటికీ చట్రం నుంచి కోసిన అల్యూమినియం పట్టీతో, అరచేతిలో ఇమిడే కెమెరా ఒకటి బిగించి ఉంది.

ఇంజను అంటుకున్నది. రెక్కలు తిరగనారంభించాయి. ఆముదం కాలిన వాసన వరండా దాకా వచ్చింది. ఇటువంటి చిన్న ఇంజన్లకు పోసే మిథైలు ఆల్కహాలులో, లోపలి భాగాలు అరిగిపోకుండా ఆముదం వంటి నూనెను కలుపుతారు. యంత్రం మెల్లగా లేచి, రెండు నిలువుల ఎత్తున ఒక నిమిషంపాటు గాలిలో నిలబడి, తిరిగి గడ్డిమీద వాలింది. యువకుడు కెమెరా విప్పుకుని పరుగున ఇంట్లోకి వచ్చి, తీసిన బొమ్మలను కంప్యూటరులో చూసుకున్నాడు. చూసి, రెండు చేతులతోనూ తల పట్టుకున్నాడు.

వృద్ధుడు చేతికర్ర ఊతగా లేచి వచ్చి, కళ్లజోడు సవరించుకుని తెర వైపు వంగారు. మైదానం అంచున బారు తీరి ఉన్న క్వార్టర్లు ఆ బొమ్మలో కనిపిస్తున్నాయి. కాని ఏ గోడా నిటారుగా లేదు. ఏ కప్పూ సమంగా లేదు.

“ఏటిరా ఇది? మన ఇళ్లన్నీ చెరువులో నీడల్లా ఊగుతున్నాయి?”

“అదురు, తాతా. కెమెరా అదిరిపోతోంది. ఎంత గట్టిగా బిగిస్తే అంత ఎక్కువగా అదురుతోంది.”

ఆయన మరేమీ అనలేదు. కాని ఆ చివరి మాట ఆయన మనసులో నాటుకున్నది. 1950 నుంచి 1988 వరకు, ముప్ఫై ఎనిమిది సంవత్సరాలపాటు, ఖరగ్‌పూర్ కార్ఖానాలో రైలు పెట్టెల కింది చక్రాల బోగీలను విప్పి, శుభ్రపరచి, తిరిగి బిగించిన ఫిట్టరు ఆయన. అదురు అనేది ఆయనకు పాత పరిచయం.

ఆ బొమ్మ ఆ ఇంటికి ఎందుకు అంత అవసరమైనదో తెలియాలంటే, ఆ ఊరి సంగతి కొంత చెప్పుకోవాలి.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఖరగ్‌పూర్‌ను తన ప్రధానమైన కూడళ్లలో ఒకటిగా మలచి, అక్కడొక పెద్ద కార్ఖానాను నెలకొల్పింది. తీరం వెంబడి దక్షిణం నుంచి వచ్చే రైలు మార్గం అక్కడికి పనివాళ్లను కూడా తీసుకువచ్చింది. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు తరలివచ్చి, బెంగాలులోని ఆ రైలు పట్నంలో స్థిరపడ్డాయి. మథురాకాటి, నీమ్‌పురా వంటి పేటలలో నేటికీ వీధిలో వినిపించే మాట తెలుగే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునివ్వ నిర్ణయించినప్పుడు, ప్రధానంగా దృష్టిలో ఉన్నది ఈ పట్నమే.

అయితే స్థిరపడ్డారన్న మాటకు అక్కడొక పరిమితి ఉంది. రైల్వే కాలనీలో ఎవరి ఇల్లూ వారిది కాదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే క్వార్టరు. ఉద్యోగం ముగిసిన కొన్ని మాసాలకు తాళం అప్పగించి వెళ్లిపోవాలి.

ఆ వృద్ధుని తండ్రి 1920వ దశకంలో శ్రీకాకుళం ప్రాంతపు పల్లె నుంచి వచ్చి కార్ఖానాలో ఖలాసీగా చేరాడు. కొడుకు ఫిట్టరు అయ్యాడు. మనుమడు అదే కార్ఖానా సామాను గిడ్డంగిలో గుమాస్తా అయ్యాడు. 1988లో ఫిట్టరు పదవీ విరమణ చేసినప్పుడు, అప్పటికే ఉద్యోగంలో ఉన్న కొడుకు పేరిట అదే క్వార్టరు మారింది. అందువల్ల సామాను కట్టవలసిన అవసరం కలగలేదు. ఇప్పుడా గుమాస్తా 2012 జనవరి 31న పదవీ విరమణ చేయబోతున్నాడు. నాలుగో తరం వాడు, మైదానంలో హెలికాప్టరు ఎగురవేస్తున్న యువకుడు, మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి రైల్వే పరీక్ష రెండుసార్లు వ్రాశాడు. రెండుసార్లూ జాబితాలో అతడి సంఖ్య కనిపించలేదు.

రెండవసారి ఫలితాలు వచ్చిన రాత్రి తండ్రి కేకలు వేయలేదు. అన్నం ముందు కూర్చుని, కంచంలోకి చూస్తూ ఒక్క మాట అన్నాడు: “తొంభై ఏళ్ల కాపురం తాళం నీ చేత్తో అప్పగించవలసి వస్తుంది.” ఆ తరువాత తండ్రీ కొడుకుల మధ్య అవసరమైన మాటలు తప్ప మరొకటి లేదు. పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, కలకత్తాలో ఒక అభిరుచి గలవాని వద్ద కొడుకు పాత హెలికాప్టరు కొని తెచ్చినప్పుడు కూడా తండ్రి ఏమీ అనలేదు. మౌనం మరికొంత బరువెక్కింది, అంతే.

ఆ ఇంట్లో నోరు విప్పి మాట్లాడింది నాయనమ్మ ఒక్కతే. 1961లో పుట్టింటి నుంచి తెచ్చిన మామిడి టెంకను ఆవిడే పెరట్లో పాతింది. ఆ చెట్టు ఇప్పుడు ఇంటి కప్పును దాటి ఎదిగింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ వరండా మెట్లు దిగి ఎన్నాళ్లో అయింది. ఒకనాటి సాయంత్రం మనుమడితో అన్నది: “నాయనా, అరవై ఏళ్లు ఈ ఇంట్లో ఉన్నాను గాని, ఈ ఇంటిని ఎడంగా నిలబడి ఒక్కసారైనా మొత్తంగా చూడలేదురా. చెట్టూ, ఇల్లూ, వీధీ అన్నీ ఒక్కచోట కనిపిస్తే చూసుకుని పోదును.”

అతడు ఆ మాటను పట్టుకున్నాడు. మైదానం మీద, చెట్టంత ఎత్తున కెమెరాను నిలపగలిగితే ఆవిడ కోరిక తీరుతుంది. పరీక్షలో పోయినది తిరిగి రాదు. ఈ ఒక్కటైనా చేతులారా చేసి ఇవ్వవచ్చునని అతడి ఆశ.

హెలికాప్టరు గాలిలో నిలబడగలదు గాని, నిశ్చలంగా ఉండలేదు. ఆ చిన్న యంత్రంలో మూడు రకాల అదురు ఉన్నది. పై రెక్కలు నిమిషానికి సుమారు 1,800 సార్లు, అంటే సెకనుకు ముప్ఫైసార్లు తిరుగుతాయి. తోక చివరి చిన్న రెక్కలు అంతకు నాలుగైదు రెట్లు, ఇంజను ఎనిమిది రెట్లకు పైగా వేగంతో తిరుగుతాయి. ప్రతి భ్రమణమూ చట్రాన్ని ఒక్కొక్క దెబ్బ కొడుతుంది. నెమ్మది అదురు కంటికి కనిపిస్తుంది. వేగమైనది కనిపించదు. వేలు ఆనిస్తే తిమ్మిరిలా తెలుస్తుంది.

కెమెరా వైపు నుంచి మరొక చిక్కు ఉంది. ఇటువంటి చిన్న డిజిటల్ కెమెరాలు చాలావరకు బొమ్మనంతటినీ ఒక్కసారిగా గ్రహించవు. పై అంచు నుంచి కింది అంచు వరకు ఒక్కొక్క వరుసగా చదువుకుంటూ వస్తాయి. అలా చదివే లోపలే కెమెరా కదిలితే, ఒక్కొక్క వరుస ఒక్కొక్క చోటి నుంచి చూసినదవుతుంది. అందువల్లనే వంద సంవత్సరాలు కదలకుండా నిలిచిన గోడ ఆ బొమ్మలో ఉతికి ఆరవేసిన చీరలా అల్లాడింది.

యువకుడు ముందుగా పట్టీని మరింత గట్టిగా బిగించాడు. అదురు పెరిగింది. గట్టిగా బిగించిన వస్తువు చట్రంలో ఒక భాగమైపోయి, చట్రం అదురునంతా తానే అనుభవిస్తుంది. తరువాత, హెలికాప్టరుకు భారం తగ్గించాలని పట్టీని పలుచగా కోశాడు. ఇంకా చెడిపోయింది. మూడవసారి, చట్రానికీ కెమెరాకూ నడుమ మెత్తటి రబ్బరు ముక్కలు నాలుగు పెట్టాడు. ఇంజను వేగం పుంజుకుంటూ ఉండగా, మధ్యలో ఒకానొక క్షణాన కెమెరా పూనకం వచ్చినట్లు ఊగి, మరలు ఊడి గడ్డిలో పడిపోయింది.

వరండాలోంచి పెద్దాయన చప్పట్లు చరిచి మనుమణ్ణి పిలిచారు.

“కమాను మంచిదేరా. పెట్టె ఖాళీగా ఉంది.”

“ఏ పెట్టె, తాతా?”

“నీ కెమెరాయే పెట్టె. ఎంత ఉంటుంది బరువు?”

“నూట యాభై గ్రాములు.”

“నూట యాభై గ్రాముల పెట్టెకి అంత కమాను వేస్తే అది ఊగక ఏం చేస్తుంది? నువ్వెప్పుడైనా ఖాళీ బండిలో పోయావా? ఎముకలు విరిగిపోతాయి. అదే పెట్టె, అదే పట్టా, జనం నిండా ఎక్కితే ఊయలలా పోతుంది. నిండుకుండ తొణకదంటారు చూడు. నిండు పెట్టె ఊగదు.”

ఆయన ఉద్యోగంలో చేరిన కాలంలో రైలు పెట్టెలకు ఎక్కువగా ఎడ్లబండి కమానుల వంటి ఉక్కు పట్టీల కట్టలుండేవి. 1955లో పెరంబూరు కర్మాగారంలో కొత్తరకం పెట్టెల తయారీ ఆరంభమైన తరువాత, చుట్టలు చుట్టిన స్ప్రింగులు గల బోగీలు వచ్చాయి. వాటిలో చక్రాల ఇరుసు వద్ద ఒక వరుస, పెట్టె భారాన్ని మోసే అడ్డదూలం కింద మరొక వరుస స్ప్రింగులు ఉంటాయి. ఇరుసు స్ప్రింగుల నడుమ నూనె నింపిన గొట్టాలుంటాయి. స్ప్రింగు పని దెబ్బను మింగడం. మింగినదాన్ని తిరిగి కక్కుతూ పెట్టెను ఎగరవేయకుండా అణచడం నూనె పని. ఈ రెండింటిలో ఏది లేకున్నా ప్రయాణం సుఖంగా సాగదు. ఈ సంగతి ఆయన పుస్తకంలో చదివినది కాదు, అరిగిన స్ప్రింగులను చేత్తో తడిమి నేర్చినది.

డిప్లొమా చదివిన మనుమడికి ఆ మాట వినగానే పాఠం జ్ఞాపకం వచ్చింది. స్ప్రింగు మీద నిలిపిన ప్రతి వస్తువుకూ తనదైన ఒక ఊగే వేగం ఉంటుంది. బయటి అదురు సరిగ్గా ఆ వేగంతో వచ్చిందా, ఊపు మితిమీరుతుంది. దానినే శాస్త్రంలో అనునాదమంటారు. కెమెరాను గడ్డిలో పడవేసింది అదే. బయటి అదురు ఆ సహజ వేగానికంటే చాలా ఎక్కువైతే మాత్రం, వస్తువు దానిని పట్టించుకోదు, దాదాపు కదలక నిలిచి ఉంటుంది. కనుక సహజ వేగాన్ని తగ్గించాలి. అదే స్ప్రింగు మీద బరువు నాలుగింతలు చేస్తే ఆ వేగం సగమవుతుంది. పరీక్షలో వ్రాసిన ఈ సూత్రానికీ, తన చేతిలో ఉన్న కెమెరాకూ సంబంధముందని అతడికి అంతవరకు తోచలేదు.

“బరువు పెడితే ఎగరడం కష్టం, తాతా.”

“అంతా కొత్త బరువెందుకు? నీ యంత్రం మోస్తున్న బరువులో కొంత ఈ పక్కకి మార్చు.”

రేడియోకు విద్యుత్తునిచ్చే బ్యాటరీ నూట ఇరవై గ్రాములు. అంతవరకు చట్రానికి కట్టి ఉన్న దానిని కెమెరా నిలిచే పలక మీదికి మార్చడానికి నిశ్చయించారు. పలక సంగతి మిగిలింది. పాత ఇనుము కొట్టులో ఆరు మిల్లీమీటర్ల మందం గల ఉక్కు ముక్కను కొని, ఎనిమిది సెంటీమీటర్ల చదరంగా కోయించారు. అది మూడు వందల గ్రాములు తూగింది. కెమెరా, బ్యాటరీ, పలక, మరలు అన్నీ కలిపి ఆరు వందల గ్రాములు. సరిగ్గా నాలుగింతలు.

ఆ సాయంత్రం గుమాస్తా ఇంటికి వచ్చి, వరండాలో బిగించిన బెంచి వైసులో ఉక్కు పలకను చూసి నిలబడిపోయాడు. పదవీ విరమణకు కొద్ది వారాలే ఉంది. గిడ్డంగి గుమాస్తా ఇంట్లో ఇనుప ముక్క కనిపించడం చిన్న విషయం కాదు. కొడుకును అడగలేదు, తండ్రినే అడిగాడు.

“ఇదెక్కడిది, నాన్నా?”

“కొన్నాం. చీటీ ఉంది చూసుకో.”

గుమాస్తా ఆ చీటీని తీసుకుని, రెండుసార్లు చదివి, తన కాగితాల సంచిలో భద్రపరిచాడు.

తరువాతి మూడు వారాలు తాతా మనుమలు వరండాను కార్ఖానాగా మార్చారు. పెద్దాయన వ్రేళ్లకు ఆకురాయి ఎక్కువసేపు పట్టే శక్తి లేదు. మనుమడు రాస్తాడు. ఆయన బొటనవ్రేలితో అంచు తడిమి, “ఇంకా ఉంది,” అంటారు. రబ్బరు ముక్కలు ఆయనకు నచ్చలేదు. “చలికి బిగుస్తుంది, ఎండకి మెత్తబడుతుంది,” అన్నారు. గోల్‌బజార్‌లో సైకిలు బ్రేకు తీగలు కొనిపించారు. వ్రేలెడు పొడవు ముక్కలను విల్లులా వంచి, విద్యుత్తు తీగలు కలిపే ఇత్తడి కనెక్టర్లతో కొసలు బిగించి, పలక నాలుగు మూలలా నాలుగు ఉచ్చులు అమర్చారు. సన్నని ఉక్కు పోగులను పేనిన ఆ తీగ స్ప్రింగులా వంగుతుంది. వంగినప్పుడు పోగులు ఒకదానితో ఒకటి రాపాడి ఊపును అణచివేస్తాయి. “కమానూ అదే, నూనె గొట్టమూ అదే,” అన్నారు ఆయన సంతృప్తితో. యంత్రాలను అదురు నుంచి కాపాడడానికి పరిశ్రమలలో పేనిన ఉక్కు తీగ ఉచ్చులనే వాడతారని మనుమడు తరువాత చదివి తెలుసుకున్నాడు.

భారం ఎక్కడ నిలుస్తుందన్నది మరొక సమస్య. ముక్కు దగ్గర అంత బరువు పెడితే హెలికాప్టరు ముందుకు వాలుతుంది. అందుచేత పలకను పొట్ట కిందికి, ప్రధాన ఇరుసుకు సూటిగా దిగువకు మార్చారు. అందుకు చోటు కావాలి గనుక కాళ్ల పొడవు పెంచారు. పలకకు ఒక కొసన కెమెరా, ఎదుటి కొసన బ్యాటరీ అమరాయి. దారం కట్టి వేలాడదీసి, అది ఏ వైపూ ఒరగకుండా నిలిచేవరకు బ్యాటరీని వెంట్రుకవాసి చొప్పున జరిపారు. కెమెరా మీట నొక్కడానికి చిన్న మోటారు చేయి ఒకటి అమర్చారు.

అంతా అయిన తరువాత పెద్దాయన అసలు ప్రశ్న వేశారు: “అదురు పుట్టినచోట ఏం చేశావురా?”

రెక్కలు రెండూ ఒకే తూకంలో లేవు. రెండింటినీ మొదళ్ల వద్ద ఒకే కడ్డీకి గుచ్చి, ఆ కడ్డీని రెండు స్టీలు గ్లాసుల మీద త్రాసులా నిలబెట్టగా, ఒక రెక్క కిందికి వంగింది. తేలిక రెక్క కొసకు రంగు కాగితపు పట్టీ అంటించి సరిచేశారు. తిరిగేటప్పుడు రెండు కొసలూ ఒకే మట్టంలో సాగుతున్నవో లేదో దూరం నుంచి చూసి దిద్దారు. సగం అదురు అక్కడే పోయింది.

వారు తెలుసుకున్నదానిని ప్రపంచంలో అంతకు ముందే తెలుసుకున్నవారు ఉన్నారు. ఆకాశం నుంచి నేలను చిత్రించాలన్న కోరిక ఫొటోగ్రఫీ అంత పాతది. 1858లో ఫ్రాన్సులో నాదార్ బెలూను ఎక్కి చిత్రం తీశాడు. 1888లో ఆర్థర్ బాత్యూ గాలిపటానికి కెమెరా కట్టాడు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు జర్మనీలో నాయ్‌బ్రోనర్ అనే ఔషధ నిర్మాత పావురాల రొమ్ముకు చిన్న కెమెరాలు కట్టాడు. 1970వ దశకంలో అమెరికాలో గారెట్ బ్రౌన్, నడిచే మనిషి కుదుపు సోకకుండా సినిమా కెమెరాను నిలిపే స్టెడీక్యామ్ అనే సాధనాన్ని రూపొందించాడు. అందులోనూ బ్యాటరీని, తెరను కెమెరాకు ఎదుటి కొసన కట్టి, ఆ బరువుతోనే నిలకడ సాధించాడు. ఈ పని ప్రాణాలు కూడా తీసింది. ‘ఎర్ర బెలూను’ చిత్రంతో లోకమంతటా పేరుపొందిన ఆల్బర్ట్ లామొరీస్, హెలికాప్టరు నుంచి అదురు లేకుండా చిత్రించే సాధనాన్ని రూపొందించి, 1970లో ఇరాన్‌లో అలా చిత్రీకరిస్తూనే హెలికాప్టరు ప్రమాదంలో మరణించాడు.

ఖరగ్‌పూర్ వృద్ధునికి లామొరీస్ పేరు తెలియదు. కాని తిరిగే ఇనుమును ఎంతవరకు నమ్మవచ్చునో తెలుసు. ఆ చిన్న హెలికాప్టరు రెక్క కొస గంటకు 450 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. మన దేశంలోని ఏ రైలూ అందులో సగం వేగాన్ని అందుకోలేదు. “ఇళ్లమీదికి పోనివ్వను,” అన్నారు ఆయన. “మైదానం దాటకూడదు. మనుషులుండగా లేవకూడదు.”

మూడవ నియమం కూడా పెట్టారు. ఆ పట్నానికి కొద్ది దూరంలోనే కలైకుండా వైమానిక స్థావరం ఉంది. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ విమానాలు ఆ స్థావరం మీద దాడి చేసిన ఉదయాన్ని ఆ తరం వారెవరూ మరచిపోలేదు. “ఈ ఊరిలో నేల మనది కాదు, ఆకాశమూ మనది కాదు. మీ నాయనమ్మ మామిడి చెట్టు కొనకి మించి నీ బండి లేవకూడదు,” అని ఆయన శాసించారు.

2012 జనవరి 22, ఆదివారం. మంచు విడేవరకు ఆగారు. మైదానంలో ఆడుకునే పిల్లలు హెలికాప్టరును చూసి అప్పటికే మూగుతున్నారు. యువకుడు వారిని దూరంగా పంపలేక అవస్థ పడుతూ ఉండగా, వెనుక నుంచి తండ్రి గొంతు వినిపించింది.

“పిల్లల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నీ పని చూసుకో.”

గుమాస్తా తన సైకిలును దారికి అడ్డంగా నిలిపి, చేతులు చాపి, పిల్లలనందరినీ వరుసగా దాని వెనుక నిలబెట్టాడు. తొమ్మిది మాసాలుగా కొడుకు తండ్రి నోట విన్న మాటలన్నింటిలోనూ అదే పెద్దది.

ఇంజను అంటుకున్నది. వేగం పుంజుకునేటప్పుడు పలక ఒక్కసారి జలదరించి, వెంటనే సద్దుకున్నది. హెలికాప్టరు లేచింది. మామిడి కొమ్మల ఎత్తుకు చేరి, గాలిలో మేకు కొట్టినట్లు నిలిచింది. చట్రమంతా అదురుతూనే ఉంది. దాని పొట్ట కింద ఆరు వందల గ్రాముల పలక మాత్రం, నాలుగు తీగల నడుమ, తనకేమీ పట్టనట్లు వేలాడుతున్నది. చిన్న మోటారు చేయి పదకొండుసార్లు మీట నొక్కింది.

పదకొండింటిలో ఏడు పనికిరాలేదు. రెండింటిలో చెట్టు సగమే పడింది. ఒకటి మసక. మిగిలిన ఒక్కదానిలో గోడలు గోడల్లా, కప్పులు కప్పుల్లా, దండెం మీది బట్టలతో సహా వీధి వీధంతా నిలకడగా నిలిచి ఉంది. ఇంటి వెనుక మామిడి చెట్టు గొడుగు పట్టినట్లు కనిపిస్తోంది. వరండాలో తెల్లని చుక్కలా ఉన్నది నాయనమ్మ.

కాగితం మీద అచ్చు వేయించి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ ముందు తన ఇంటిని చూసుకోలేదు. వీధి చివరి నుంచి ఒక్కొక్క క్వార్టరు మీదా వ్రేలు ఉంచి చెప్పడం మొదలుపెట్టింది. “ఇది పిల్లుల్ని పెంచిన పిన్నిగారిల్లు. దీంట్లో బెంగాలీ అక్క ఉండేది, మీ నాన్నకి చదువు చెప్పింది. ఇక్కడ నీళ్ల దగ్గర దెబ్బలాడుకుని, సాయంత్రానికి మళ్లీ కలిసిపోయేవాళ్లం.” ఆ ఇళ్లవారందరూ తాళాలు అప్పగించి ఎప్పుడో వెళ్లిపోయారు. ఆవిడ వ్రేలు తమ ఇంటి దగ్గరకు వచ్చి ఆగింది. కొంతసేపటికి, “చెట్టు బాగా ఎదిగింది,” అని మాత్రం అన్నది.

గుమాస్తా ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. తరువాత కొడుకు వైపు తిరిగి, “ఇంకొకటి అచ్చు వేయించు. ఆఫీసులో చూపిస్తాను,” అన్నాడు.

ఆ సంవత్సరం మే నెలలో వారు మాలంచా వైపు రెండు గదుల ఇంటికి మారారు. తాళం అప్పగించే పని కొడుకు మీద పడలేదు. తండ్రే స్వయంగా వెళ్లి అప్పగించి వచ్చాడు. పెద్దాయన 2016లో, నాయనమ్మ ఆ మరుసటి సంవత్సరం కాలం చేశారు. మనుమడు రైల్వేలో చేరలేదు. ఊరికి దగ్గరలోనే ఒక ప్రైవేటు కర్మాగారంలో యంత్రాల మరమ్మతు చూస్తున్నాడు.

నేడు అటువంటి ఎగురుడుకు ఆ మైదానంలో అవకాశం లేదు. 2014 అక్టోబరులో పౌర విమానయాన అధికారులు మానవరహిత విమానాల వాడకాన్ని కట్టడి చేశారు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు దేశపు ఆకాశాన్ని పటం మీద రంగుల మండలాలుగా విభజించాయి. ఎక్కడ ఎగురవచ్చునో, ఎక్కడ అనుమతి తీసుకోవాలో ఇప్పుడు ముందే చూసుకోవాలి. సాధనాలు కూడా మారిపోయాయి. చిన్న మోటార్లు మూడు, కంప్యూటరు ఆజ్ఞలతో క్షణక్షణమూ కెమెరాను సరిదిద్దుతూ, అరచేతిలో పట్టే డ్రోనుకు కూడా నిలకడనిస్తున్నాయి. అయినా ఆ మోటార్ల వెనుక చిన్న రబ్బరు గుళ్లు తరచుగా ఉంటాయి. వేగపు అదురును ఆపే పని ఇంకా వాటిదే.

హెలికాప్టరు ఏనాడో అమ్ముడుపోయింది. తీగల ఉచ్చులు తుప్పు పట్టి ఊడిపోయాయి. ఉక్కు పలక మాత్రం మిగిలింది. అది ఇప్పుడు విశ్రాంత గుమాస్తా బల్ల మీద, పెన్షను కాగితాల దొంతరపై ఉంటుంది. ఆ కాగితాలలో అడుగున, పాత ఇనుము కొట్టువాడు ఇచ్చిన చీటీ కూడా ఉంది. పంకా ఎంత వేగంగా తిరిగినా అవి కదలవు.